సేటు దగ్గరే ఉండాలా, కంపెనీ పెట్టాలా, సంఘం కట్టాలా?

రాంనగర్‌లో ఒక మేడ మీది గదిలో తొమ్మిది మంది మహిళలు బడి పిల్లల చొక్కాలు కుడతారు. కుట్టు మిషన్లు వాళ్ల సొంతం. గుడ్డ, ఆర్డరు, ఓవర్‌లాక్ మిషను, గది అద్దె సేటువి. చొక్కాకు ఇంత అని కూలి. నేను చిన్న వ్యాపారాలకు పద్దులు రాస్తాను కనుక ఒక ఆదివారం నన్ను పిలిచారు. వెళ్లేసరికి మిషన్ల మీద గుడ్డలు కప్పి, చాప పరిచి, మధ్యలో ఒక నోటు పుస్తకం పెట్టారు. ఎవరు ఏ రోజు ఎన్ని చొక్కాలు కుట్టారో, కాజాలు వంకరపోయి ఎన్ని తిరిగి వచ్చాయో, సేటు ఎప్పుడు ఎంత ఇచ్చాడో మూడేళ్ల లెక్క అందులో ఉంది. డబ్బు రాని తేదీల పక్కన ఎర్ర సిరాతో ‘బాకీ’ అని రాసి, తీరాక నీలం సిరాతో కొట్టేశారు. కొన్ని చోట్ల ఆ నీలం గీత ఇంకా పడలేదు.

వాళ్లలో పెద్దామె అడిగారు: “అన్నా, ఆర్డర్లు మేమే తెచ్చుకుంటే కుదురుతుందా? కుదిరితే కంపెనీ పెట్టుకోమంటారా, సంఘం కట్టుకోమంటారా?” ఆమె మాట పూర్తి కాకముందే ఇద్దరు అందుకున్నారు. ఒకామె కొడుకు బీకాం చదువుతున్నాడు. కంపెనీ అయితేనే బ్యాంకు నమ్ముతుందని అతను చెప్పాడట. రెండో ఆమె తండ్రి బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో పనిచేసి రిటైరైన యూనియన్ మనిషి. కంపెనీ పెట్టడమంటే మనలోంచే ఇంకో సేటును తయారు చేసుకోవడమని ఆమె వాదన.

పని చేసేది ఒకరు, డబ్బు పెట్టేది మరొకరు అయినప్పుడు మిగులు ఎవరిది, మాట ఎవరిది? సోషలిస్టులు, పెట్టుబడిదారీ విధానాన్ని సమర్థించేవారు రెండు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నది దీని గురించే. ఆ రోజు అదే ప్రశ్న చాప మీదికి వచ్చింది. చేతి పనితో పొట్టపోసుకుంటూ, కలిసి ఏదైనా మొదలు పెట్టాలనుకునే వాళ్లు హైదరాబాద్‌లో ఏ బస్తీకి వెళ్లినా కనిపిస్తారు. వాళ్లకు పనికొస్తుందని ఆ రోజు మాట్లాడుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చేతి నైపుణ్యమే ప్రధానమై, ఖరీదైన యంత్రాలు అక్కర్లేక, బాకీలు త్వరగా వసూలయ్యే పనికి సహకార సంఘం మేలు. పెద్ద పెట్టుబడి కావలసిన పనికి, ఫలితం తేలడానికి ఏళ్లు పట్టే పనికి కంపెనీ మేలు. ఈ రెండింటికీ సిద్ధంగా లేనప్పుడు సేటు దగ్గరే ఇంకో ఏడాది ఉండటంలో తప్పేమీ లేదు. అయితే ఆ ఏడాది కళ్లు తెరుచుకుని ఉండాలి.

సేటు జేబులోకి పోయేది ఎంత

సేటును తిట్టడం తేలిక. తిట్టే ముందు ఆయన చేస్తున్న పనులను విడదీసి చూడాలి. లెక్క సులువుగా ఉండటానికి గుండ్రని అంకెలు అనుకుందాం. గుడ్డ ఖరీదును పక్కన పెడితే, చొక్కా కుట్టి ఇచ్చినందుకు బడి గాని, దుకాణం గాని 140 రూపాయలు ఇస్తుంది. దారం, బొత్తాలు, కరెంటు, అద్దె, ప్యాకింగ్ కలిపి 40. కుట్టిన మనిషికి 55. మిగిలిన 45 సేటుకు. నెలకు ఒకరు 200 చొక్కాలు కుడితే ఆమె కూలి 11,000, ఆమె పని మీద సేటుకు వచ్చేది 9,000.

ఆ 9,000 అంకె పలకగానే గది నిశ్శబ్దమైపోయింది. ఐడీపీఎల్ కార్మికుడి కూతురు మిగతావాళ్ల ముఖాల వైపు చూశారు. సోషలిస్టు ఆలోచన మొదలయ్యేది ఈ అంకె దగ్గరే. కార్మికుడు తన కూలికి సరిపడే విలువను దాటి సృష్టించేదాన్ని మార్క్స్ అదనపు విలువ అన్నాడు. అది యజమానికి చేరడమే పెట్టుబడిదారీ విధానానికి ఇంధనమని చెప్పాడు.

అయితే ఆ 45 మొత్తం లాభం కాదు. కటింగ్ మాస్టరు జీతం, ఆటో కిరాయి, తిరిగివచ్చిన చొక్కాల నష్టం, మునిగిపోయిన బాకీలు, డబ్బు ఆగినన్నాళ్ల వడ్డీ అన్నీ అందులోంచే పోవాలి. వీటికి 25 పోతుందనుకుంటే మిగిలేది 20. సేటు లేకపోయినా ఆ 25 ఖర్చు తప్పదు. కత్తెర పట్టడానికి మాస్టరు కావాలి, బడికి సరుకు చేరవేయడానికి ఆటో కావాలి. కాబట్టి సొంతంగా నడుపుకుంటే ఒక్కొక్కరికి అదనంగా వచ్చేది నెలకు 9,000 కాదు, 4,000. అందులో సగం నిధికి దాచుకుంటే చేతికి వచ్చేది 2,000. ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు, కాని చెప్పక తప్పదు. 9,000 ఆశించి దిగిన వాళ్లు ఆరు నెలలకే ఒకరినొకరు అనుమానించుకోవడం మొదలుపెడతారు. 2,000 అని తెలిసి దిగిన వాళ్లు నిలబడతారు.

సేటు చేసే పనుల్లో కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది: ఎదురుచూడటం. బడి యాజమాన్యం జూన్‌లో సరుకు తీసుకుని, పిల్లల ఫీజులు వసూలయ్యాక సెప్టెంబరులో డబ్బిస్తుంది. ఆ మూడు నెలలూ దారం కొట్టువాడు ఆగడు, గది యజమాని ఆగడు, ఇంట్లో పొయ్యి అసలే ఆగదు. పెట్టుబడి అంటే ఎదురుచూడగలిగిన డబ్బు. పదిమంది నెలకు 2,000 చొక్కాలు కుడుతూ, చొక్కాకు 120 ఖర్చు పెడుతూ, మూడు నెలలు ఆగాలంటే 7,20,000 రూపాయలు చేతిలో ఉండాలి. ఆ గదిలో అందరూ కలిసి పోగు చేయగలిగింది 50,000 వరకు. సేటు బలమంతా ఈ తేడాలోనే ఉంది. ఆయనకు కుట్టడం రాకపోయినా పరవాలేదు, ఆగడం చేతనవుతుంది.

అప్పుడు నేను నోటు పుస్తకంలోని ఎర్ర అక్షరాలు చూపించాను. సేటు కూలి బాకీ పెట్టిన ప్రతిసారీ ఆ ఎదురుచూపులో కొంత ఈ ఆడవాళ్ల మీదికే తోశాడు. అంటే ఆయన వ్యాపారానికి వీళ్లు ఇప్పటికే వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు. ఆ అప్పుకు వాటా లేదు, ఓటు లేదు, రసీదు కూడా లేదు. నాకు ఆ రోజు మనసు కలుక్కుమన్నది అక్కడే.

కంపెనీలో ఓటు రూపాయిది

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు ఉంటే చాలు. ఇద్దరు సభ్యులే డైరెక్టర్లుగానూ ఉండవచ్చు. సభ్యులు 200కు మించకూడదు. కంపెనీ మునిగితే వాటాదారుడు తన వాటా మేరకే నష్టపోతాడు, ఇల్లు, పుస్తె అమ్ముకోనక్కర్లేదు. ఈ రక్షణ ఆకాశం నుంచి ఊడిపడలేదు. బ్రిటన్ పార్లమెంటు 1855లో చట్టం చేసి ఇచ్చింది. మార్కెట్ తనంతట తానే నడుస్తుందని వాదించేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు. పెట్టుబడికి కవచం తొడిగింది ప్రభుత్వమే.

కంపెనీ బలం మూడు చోట్ల ఉంది. బయటి డబ్బును వాటాగా తీసుకురావచ్చు. నిర్ణయాలు త్వరగా జరుగుతాయి. పెరిగిన విలువలో వాటాదారుకు భాగం దక్కుతుంది: పదేళ్ల తరువాత తప్పుకునేవారు తమ వాటాను అప్పటి ధరకు అమ్ముకోవచ్చు. సంఘంలో అయితే పెట్టిన వాటాధనం పెట్టినంతే తిరిగి వస్తుంది. ఓపిక, కష్టం, పేరు అన్నీ పోసి పెంచిన దాంట్లో పెరిగిన విలువ సంఘానికే ఉండిపోతుంది. ఇది చిన్న తేడా కాదు. ఇంటికి పెద్ద ఖర్చు రాబోతున్నవారు ముందే ఆలోచించుకోవాలి.

బలహీనత కూడా ఆ బలంలోనే ఉంది. కంపెనీలో సాధారణంగా వాటాకు ఒక ఓటు. మొదట తొమ్మిది మందీ తలా 5,000 పెట్టారనుకోండి, అందరూ సమానమే. రెండో ఏడాది కొత్త ఓవర్‌లాక్ మిషన్లకు లక్షన్నర కావాలి. ఆ డబ్బు ముగ్గురి దగ్గరే ఉంటుంది. వాళ్లు వాటాలు తీసుకుంటారు, ఓట్లు వాళ్ల వైపు చేరతాయి. మిగతా ఆరుగురు మళ్లీ కూలికి కుట్టేవాళ్లు అవుతారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. చట్టం డబ్బు కోసం చేసిన గొడుగు కింద మనుషులు నిలబడితే జరిగేది ఇదే. ఐడీపీఎల్ కార్మికుడి కూతురు భయం నిజమే, కాకపోతే అందుకు కారణం మనుషుల దుర్బుద్ధి కాదు, వాటాల అమరిక.

మధ్యే మార్గం ఒకటుంది. 2008 చట్టం కింద వచ్చిన లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్‌లో, అంటే పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్యంలో, మాట ఎవరికి ఎంత, లాభం ఎవరికి ఎంత అన్నది భాగస్వాములే ఒప్పందంలో రాసుకోవచ్చు. మనిషికి ఒక ఓటు అని రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. నలుగురైదుగురు ఉంటే నేను ముందుగా సూచించేది ఇదే. 1932 చట్టం కింద వచ్చే పాత తరహా పార్ట్‌నర్‌షిప్ జోలికి మాత్రం పోవద్దు. అందులో ఒకరు చేసిన అప్పుకు అందరి ఆస్తులూ బాధ్యత వహించాలి.

“కంపెనీ అంటే పద్ధతి, సంఘం అంటే గందరగోళం” అనే మాట మన ఊళ్లో తరచూ వినిపిస్తుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లెక్కలు తప్పుగా చూపించామని ఉత్తరం రాసినప్పుడు ఆ మాటకు ఎంత విలువ ఉందో ఈ నగరం చూసింది. కంపెనీ బోర్డును తొలగించి కొత్త డైరెక్టర్లను నియమించింది కేంద్ర ప్రభుత్వం. ఆ కొత్త బోర్డే ఏప్రిల్‌లో కంపెనీని టెక్ మహీంద్రాకు అప్పగించింది. వేల ఉద్యోగాలు నిలిచింది మార్కెట్ ఒక్కదాని వల్లా కాదు, ప్రభుత్వం ఒక్కదాని వల్లా కాదు.

సంఘంలో ఓటు మనిషిది

1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది, ఎక్కువగా నేత కార్మికులు, తలా కొంత వేసుకుని ఒక దుకాణం తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ వంటి నాలుగైదు సరుకులతో మొదలైంది. మనిషికి ఒక ఓటు. మిగులును పెట్టిన డబ్బు ప్రకారం కాకుండా, ఎవరు ఎంత కొన్నారో ఆ ప్రకారం పంచుకున్నారు. ప్రపంచంలోని సహకార సంఘాలు చాలావరకు అదే దారిలో నడిచాయి. వాళ్లకు ముందు రాబర్ట్ ఓవెన్ అనే మిల్లు యజమాని స్కాట్లండులోని తన న్యూ లానార్క్ మిల్లులో కార్మికుల పని గంటలు తగ్గించి, వాళ్ల పిల్లలకు బడి పెట్టించి, అయినా మిల్లు లాభాల్లోనే నడుస్తుందని చూపించాడు. ఆ ఉత్సాహంతో అమెరికా వెళ్లి, అందరూ కలిసి బతికే సమాజం కట్టాలని 1825లో న్యూ హార్మొనీ అనే ఊరినే కొన్నాడు, ఆ సమాజం రెండు మూడేళ్లకే చెదిరిపోయింది. రాచ్‌డేల్ వాళ్లు ఊరు కొనలేదు, దుకాణం పెట్టారు. మార్కెట్‌ను వదిలి పారిపోకుండా మార్కెట్‌లోనే వేరే నియమంతో నిలబడ్డారు. నాకు ఆ తేడా చాలా ముఖ్యమనిపిస్తుంది.

సోషలిస్టుల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. కార్మికులు యజమాని లేకుండానే పెద్ద ఉత్పత్తిని నడపగలరని సహకార సంఘాలు నిరూపించాయని మార్క్స్ 1864లో మెచ్చుకున్నాడు. రాజకీయాధికారం లేకుండా అవి దోపిడీని ఆపలేవని అప్పుడే హెచ్చరించాడు కూడా. 1899లో జర్మనీ సోషలిస్టు నాయకురాలు రోజా లక్సెంబర్గ్ ఇంకా కటువుగా మాట్లాడింది. పోటీ మార్కెట్‌లో ఉత్పత్తి సహకార సంఘం నడపాలంటే కార్మికులు తమ మీద తామే పెట్టుబడిదారు పాత్ర వహించాలి. ఆ వైరుధ్యంలో సంఘం చివరికి మామూలు కంపెనీగా మారుతుంది, లేదా రద్దవుతుందని ఆమె అంది.

ఈ మాటను నేను ఆ గదిలో నా మాటల్లో చెప్పాను. “మే నెలలో ఆర్డరు ఎక్కువ వచ్చినప్పుడు రాత్రి పది దాకా కుట్టాలని సేటు అంటే మీరు ఆయన్ని తిట్టుకుంటారు. రేపు ఆ మాట మీరే మీకు చెప్పుకోవాలి. ఒంట్లో బాగా లేని మనిషికి ఏం చెబుతారు?” కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత పెద్దామె అన్నారు: “ఆమె చొక్కాలు తలా రెండు పంచుకుంటాం. ఎన్నిసార్లు పంచుకుంటామో మాత్రం ముందే రాసుకోవాలి.” లక్సెంబర్గ్‌కు ఇంతకంటే మంచి జవాబు నేను వినలేదు. వైరుధ్యం పోదు. దానికి నియమం రాసుకోవచ్చు.

నియమాలు బాగా రాసుకున్న చోట సంఘాలు నిలబడ్డాయి. 1956లో స్పెయిన్‌లోని మాండ్రగాన్‌లో ఒక మతగురువు ప్రోత్సాహంతో మొదలైన కార్మిక సహకారం ఈనాటికీ ఉంది. అదే ఏడాది మన ముల్కనూరులో రైతులు పెట్టుకున్న సహకార సంఘమూ నిలిచింది. తరువాత ఆ ప్రాంతంలో మహిళలు సొంత పాల డెయిరీని కూడా నడుపుకున్నారు. ముంబయిలో 1959లో ఏడుగురు మహిళలు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు, అది లిజ్జత్ అయింది. అందరి కథా ఇలా లేదు. మాండ్రగాన్ కుటుంబంలోని ఫాగర్ అనే పెద్ద సంస్థ 2013లో దివాలా తీసింది. అక్కడి కార్మికుల్లో చాలా మందిని తోటి సంఘాలు తీసుకున్నాయి. ఒంటరి సంఘం కన్నా సంఘాల సమాఖ్యకు బలం ఎక్కువని నేను అనడానికి అదే కారణం.

హైదరాబాద్‌లో సహకారం అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. 2000 దశకం మొదట్లో నగరంలో కొన్ని సహకార అర్బన్ బ్యాంకులు కుప్పకూలాయి. రిటైర్మెంటు డబ్బు దాచుకున్నవాళ్లు ఆ తలుపుల ముందు నిలబడి ఏడ్చిన రోజులు ఈ నగరం మరిచిపోలేదు. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయల వరకే, 2020లో దాన్ని ఐదు లక్షలకు పెంచారు. అందుకే ఒక భేదం గట్టిగా చెబుతాను. సభ్యులే పనిచేసే సంఘం వేరు, సభ్యులు డబ్బు దాచుకుని ఇంటికి వెళ్లిపోయే సంఘం వేరు. మొదటి దాంట్లో తప్పు జరిగితే మరుసటి రోజు పక్క మిషను దగ్గరే తెలిసిపోతుంది. రెండో దాంట్లో పాతికేళ్లకు గాని బయటపడకపోవచ్చు.

చట్టాల సంగతికి వద్దాం. మన దగ్గర రెండు దారులున్నాయి. 1964 సహకార చట్టం కింద ప్రభుత్వం వాటాధనం పెట్టవచ్చు, అందుకు తగ్గట్టే సహకార శాఖ రిజిస్ట్రార్‌కు అధికారాలు ఎక్కువ. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అందరూ మ్యాక్స్ అనేది, దేశంలో అలాంటి వాటిలో మొదటిది. ప్రభుత్వ వాటా ఉండదు, జోక్యమూ తక్కువ. లెక్కలు, ఎన్నికలు, ఆడిట్ బాధ్యత సభ్యులదే. మహిళా పొదుపు సంఘాల సమాఖ్యలు చాలా చోట్ల దీని కిందే రిజిస్టరయ్యాయి. ఇలాంటి గదికి నేను సూచించేది మ్యాక్స్. ప్రభుత్వ వాటాధనం వస్తుందన్న ఆశతో 1964 చట్టం వైపు వెళ్లవద్దు. వాటాతో పాటు పెత్తనమూ వస్తుంది.

ఒక చిక్కు ఉంది. సహకార సంఘానికి కనీసం పదిమంది కావాలి, వాళ్లు వేర్వేరు కుటుంబాల వారై ఉండాలి. ఆ గదిలో ఉన్నది తొమ్మిది మంది, అందులో ఇద్దరు ఒకే ఇంటి తోడికోడళ్లు. ఈ మాట చెప్పగానే చిన్న కోడలు నవ్వుతూ “అయితే నేను బయటికి పోవాలా అక్కా?” అని పెద్దామెను అడిగింది. కోడళ్లు ఇద్దరూ కుట్టవచ్చు, కాని రిజిస్ట్రేషన్‌కు ఇంకో ఇద్దరు బయటివాళ్లు కావాలి.

మరి ప్రభుత్వం?

“ఏ కార్పొరేషనో మాకు జీతాలిచ్చి పని చేయించుకోవచ్చు కదా” అని ఒకామె అడిగారు. ఆ ఆశను నేను తేలిగ్గా తీసుకోను. ఈ నగరం సగం అలాగే పెరిగింది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే పెరిగి పెరిగి ఆర్టీసీ అయింది. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఐడీపీఎల్‌కు సోవియట్ సహాయంతో బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి తరువాత సొంతంగా మందుల తయారీలోకి దిగి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 1970 పేటెంట్ చట్టం మందులకు తయారీ విధానం మీదే తప్ప మందు మీద పేటెంట్ లేకుండా చేయడంతో, వేరే పద్ధతిలో చవకగా తయారు చేయడానికి వీలైంది. సోషలిస్టు ఆలోచనతో కట్టిన ప్రభుత్వ కర్మాగారం, అదే ఆలోచనతో చేసిన చట్టం కలిసి హైదరాబాద్ ప్రైవేటు మందుల పరిశ్రమకు పురుడు పోశాయి. కన్నతల్లి ఐడీపీఎల్ మాత్రం నష్టాల్లో కూరుకుపోయింది. యూనియన్ మనిషి కూతురికి ఈ కథ నాకన్నా బాగా తెలుసు. “నాన్నగారు చివరి రోజుల్లో ఆ గేటు ముందు నుంచి వెళ్లేటప్పుడు తల తిప్పుకునేవారు” అన్నారు ఆమె.

పీవీ నరసింహారావు కథా ఇలాంటిదే. 1970ల మొదట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు గట్టిగా పూనుకున్న ఆయనే 1991లో ప్రధానిగా లైసెన్సుల రాజ్యానికి తలుపులు మూశారు. రెండు పనులూ ఒకే మనిషివి. ఆయన ఒక వైపు నుంచి మరో వైపుకు దూకారని కొందరంటారు. భూమి కొద్దిమంది దగ్గర గడ్డకట్టినప్పుడు పంచడం, అనుమతి కొద్దిమంది దగ్గర గడ్డకట్టినప్పుడు తెరవడం, నాకు రెండూ ఒకే కోపంలోంచి పుట్టినట్టు కనిపిస్తాయి.

ఇక ఆ గది విషయానికి వస్తే, ప్రభుత్వాన్ని యజమానిగా కాక కొనుగోలుదారుగా చూడమన్నాను. ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పనిని తెలంగాణలో మహిళా సంఘాలకు ఇస్తున్నారు. ఆ ఆర్డరు దొరికితే తీసుకోండి, కాని మొత్తం పనిలో సగానికి మించనివ్వకండి. బిల్లు ఆలస్యమైతే ఆగగలిగే శక్తి మీకు ఇంకా లేదు.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదట చూడవలసింది బాకీ గడువు. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు గాని, పని గాని తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. ఆలస్యమైతే చక్రవడ్డీ కట్టాలి. చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే ఇది మీకూ వర్తిస్తుంది, సంఘమైనా, కంపెనీ అయినా. సేటుకు కూలికి కుట్టినన్నాళ్లూ ఈ హక్కు మీ చేతికి రాదు. చట్టం ఉందని ప్రతి బడికీ కోర్టు చూపించలేం, నిజమే. కాని ధర మాట్లాడేటప్పుడే “పదిహేను రోజులు, ముందు ముప్పై శాతం” అని అడగడానికి అది ధైర్యమిస్తుంది.

ఈ షరతులు పెడితే లెక్క మారిపోతుంది చూడండి. పదిహేను రోజుల్లో 1,000 చొక్కాలు. చొక్కాకు ఖర్చు 120, ముందుగా అందేది 42. ఆగవలసింది 78. మొత్తం 78,000. పదిమంది తలా 8,000 వేస్తే సరిపోతుంది. 7,20,000 కొండ 80,000 గుట్టగా మారింది. అందుకోసం 90 రోజులు ఆగమనే పెద్ద బడిని వదులుకోవాలి. వదులుకోలేకపోతే సేటు, లేదా బయటి పెట్టుబడి ఉన్న కంపెనీ తప్పదు.

రెండోది, మీలో ఎవరైనా రేపు వెళ్లిపోతే పని ఆగుతుందా అన్నది. కటింగ్ మాస్టరు ఒక్కడే అన్నీ తెలిసినవాడైతే, ఆయన జీతగాడిగా ఉన్నంతకాలం సంఘం ఆయన చేతిలో ఉంటుంది. ఆయన్ని సభ్యుడిగా తీసుకోండి, లేదా మీలో ఇద్దరు కత్తెర పట్టడం నేర్చుకోండి. సంఘాలు డబ్బు లేక కూలిపోవడం అందరూ చూస్తారు, ఒక్కరి మీద ఆధారపడి కూలిపోవడం నేను ఎక్కువగా చూశాను.

ఇంకొకటి, మీరు పెరగాలనుకుంటున్నారా అన్నది. వంద మిషన్లు, బ్రాండు, ఇతర రాష్ట్రాలు అంటే మొదటి నుంచే కంపెనీ అవ్వండి, మొహమాటం వద్దు. పదిహేను మిషన్లు, నెలనెలా కచ్చితమైన ఆదాయం, పిల్లల చదువు అంటే సంఘం. రైతులు, నేతవారికైతే మూడో దారి ఉంది. 2002లో వచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీలో కంపెనీ చట్టం రక్షణ, మనిషికి ఒక ఓటు రెండూ ఉంటాయి. పదిమంది ఉత్పత్తిదారులు, కనీసం ఐదుగురు డైరెక్టర్లు కావాలి. పూర్తికాలం పనిచేసే ముఖ్య అధికారిని పెట్టుకోక తప్పదు, ఆ జీతం చిన్న గుంపుకు బరువు.

పన్ను సంగతి చివర చూసుకోండి. సహకార సంఘాలకు ఆదాయపు పన్నులో కొన్ని మినహాయింపులున్నాయి, ఆడిటర్‌ను అడిగితే చెబుతారు. మినహాయింపు కోసం సంఘం పెట్టినవాళ్లు మినహాయింపు పోగానే సంఘాన్ని వదిలేస్తారు.

ఆ గది ఏం ఎంచుకుంది

వాళ్లు నిర్ణయించుకోవడానికి ఐదు ఆదివారాలు పట్టింది. రాజీ అయింది మూడు విషయాల మీద. సేటుతో తగవు పెట్టుకోలేదు. రోజుకు ఎనిమిది చొక్కాల్లో నాలుగు ఆయనవి, నాలుగు సొంత ఆర్డరువి. ఆయనకూ ఇది నచ్చింది, సీజనులో పని ఆగిపోదు కదా. వీధి చివర ఇంటి దగ్గర కుట్టుకునే ఇద్దరిని చేర్చుకుని మ్యాక్స్ కింద రిజిస్ట్రేషన్‌కు పెట్టారు. తలా 8,000 వాటా. లేనివాళ్లకు నాలుగు నెలల వాయిదాలు, వాయిదా పూర్తికాకపోయినా ఓటు మొదటి రోజు నుంచే.

బైలాల్లో, అంటే సంఘం నియమావళిలో, మామూలు అచ్చు నమూనా కాకుండా వాళ్లు సొంతంగా చేర్పించినవి ఉన్నాయి. మిగులులో సగం నిధికి, సగం కుట్టిన చొక్కాల లెక్క ప్రకారం. చెక్కు మీద ఇద్దరు సంతకం చేయాలి, ఆ ఇద్దరిలో ఒకరు ప్రతి ఏడాదీ మారాలి. ఒంట్లో బాగాలేని సభ్యురాలి పనిని నెలలో ఆరు రోజుల వరకు అందరూ పంచుకోవాలి, ఆరు దాటితే సమావేశం పెట్టాలి. ఈ చివరిది పెద్దామె పట్టుబట్టి రాయించారు.

తీర్మానాల పుస్తకం కొత్తది కొన్నారు. కాని రోజువారీ లెక్క పాత నోటు పుస్తకంలోనే నడుస్తోంది. నేను మొన్న వెళ్లినప్పుడు చూశాను: ‘బాకీ’ వరుసలో సేటు పేరు కింద ఇప్పుడు రెండు బడుల పేర్లు చేరాయి. మొదటిది పన్నెండో రోజున కట్టేసింది, దాని మీద నీలం గీత పడింది. రెండోదానికి పదిహేనో రోజు వచ్చే మంగళవారం.